ఉత్తర తెలంగాణ దారులు – 9: నిర్మల్ గుట్టల మీదుగా కాశీకి

కిందటి భాగంలో జిల్లా కచేరీ ఎలగందులను విడిచి 1905లో కరీంనగర్ చేరిన సంగతి చెప్పుకున్నాం. ఇప్పుడు అక్కడి నుంచి డెబ్బయి అయిదేళ్లు వెనక్కి, గోదావరి ఉత్తరపు ఒడ్డుకు పోవాలి. అప్పటికి ఆదిలాబాద్ జిల్లా లేదు. ఏదులాబాద్ అనే ఊరు ఉండేది. దానికి దక్షిణాన నిర్మల్ మాత్రం అప్పటికే కోటతో, బజారుతో పేరున్న పట్నం. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే బాట ఈ రెండు ఊళ్ల మీదుగానే సాగేది. ఇవాళ లారీలు దూసుకుపోయే 44వ నంబర్ జాతీయ రహదారి దాదాపు ఆ బాట వెంటే ఉంది.

1830 వానాకాలంలో ఆ బాటన ఒక పెద్ద బిడారు నడిచింది. పల్లకీలు, వాటిని మోసే బోయీలు, డేరాలు, వంట సామాను, ఇంటి ఆడవాళ్లు, నౌకర్లు, అంతా కలిపి దగ్గర దగ్గర వంద మంది. వాళ్లు చెన్నపట్నంలో మే 18న బయల్దేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుని కృష్ణ దాటి హైదరాబాద్ చేరారు. అక్కడి నుంచి కామారెడ్డి మీదుగా వచ్చి గోదావరి దాటి నిర్మల్‌లో అడుగుపెట్టారు. పోవాల్సింది కాశీకి. ఆ బిడారు పెద్ద పేరు ఏనుగుల వీరాస్వామయ్య. పగలంతా ప్రయాణం చేసి మజిలీ చేరాక ఆయన ఆ రోజు దారి గురించి రాసుకునేవాడు. తెలుగువాళ్లకు దొరికిన తొలి యాత్రా మార్గదర్శి అలా పుట్టింది. ఇందులో మన నిర్మల్, మన ఆదిలాబాద్ ఉన్నాయి.

ఆ కాలానికి అది పరదేశ యాత్రే. కాశీ పరదేశం ఎలా అవుతుందని అడగవచ్చు. 1830 పటం పక్కన పెట్టుకుని చూస్తే జవాబు దొరుకుతుంది. చెన్నపట్నం కుంఫిణీ వాళ్లది. శ్రీశైలం ప్రాంతం కర్నూలు నవాబుది. కృష్ణ దాటితే నిజాం నాసిరుద్దౌలా రాజ్యం, చక్రం తిప్పేది పేష్కార్ చందూలాల్. ఏదులాబాద్ దాటి పెన్‌గంగ, ఆపైన వార్ధా నది దాటితే నాగపూర్ భోంస్లేల ఏలుబడి. జెండా మారినప్పుడల్లా సుంకం అడిగే మనిషి మారతాడు. నాణెం కూడా మారుతుంది. కుంఫిణీ ఇలాకాలన్నిటికీ ఒకే రూపాయి వచ్చింది 1835లో. అంతకు అయిదేళ్ల ముందు పోయిన మనిషి ప్రతి రాజ్యంలోనూ షరాబు ముందు కూర్చుని వట్టం పోగొట్టుకుని డబ్బు మార్చుకోవాల్సిందే. ఏదులాబాద్ దాకా తెలుగు వినిపిస్తుంది, పెన్‌గంగ అవతల మరాఠీ. వీసా అనే కాగితం ఒక్కటి తప్ప పరదేశ ప్రయాణంలో ఉండే చిక్కులన్నీ ఆ దారిలో ఉన్నాయి.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకున్నవాడు. స్వయంకృషితో చదువుకుని పైకొచ్చాడు. కోర్టులో ఆయన పని ఒకరి మాటను ఇంకొకరికి, పొల్లు పోకుండా, చేర్చకుండా తీసెయ్యకుండా అందించడం. ఆ అలవాటు ఆయన రాతలో అడుగడుగునా కనిపిస్తుంది. విన్నదాన్ని విన్నట్టు, చూసినదాన్ని చూసినట్టు చెబుతాడు. దారి పొడుగునా రాసినదంతా కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె అనే స్నేహితుడికి చేరేది. 1831 సెప్టెంబర్ 3న బిడారు తిరిగి చెన్నపట్నం చేరింది. వీరాస్వామయ్య 1836లో కన్నుమూశాడు. మరో రెండేళ్లకు, 1838లో, శ్రీనివాస పిళ్లె ఆ రాతలన్నిటినీ ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చు వేయించాడు. స్నేహితుడి కాగితాలను అంత జాగ్రత్తగా దాచి, ఆయన పోయాక లోకానికి అందించిన ఆ మనిషికి మనం ఎంతో రుణపడి ఉన్నాం.

అంతకుముందు యాత్రకు పోయే తెలుగువాడి చేతిలో ఏముండేది? క్షేత్ర మాహాత్మ్యాలు ఉండేవి. ధర్మపురికి ఉంది, కాళేశ్వరానికి ఉంది. కాశీకి సాక్షాత్తు శ్రీనాథుడి ‘కాశీఖండం’ ఉంది. ఏ తీర్థంలో మునిగితే ఏ పాపం పోతుందో, ఏ లింగాన్ని ఎవరు ప్రతిష్ఠించారో అవి చెబుతాయి. మనిషిని ఇల్లు కదిలించే శక్తి వాటికి ఉంది, ఆ శక్తిని తక్కువ చేయలేం. కానీ రాత్రి ఎక్కడ పడుకోవాలో అవి చెప్పవు. దారిలో వాగు పొంగితే ఎన్ని రోజులు ఆగాలో, తర్వాతి ఊళ్లో బియ్యం దొరుకుతాయో లేదో చెప్పవు. ఆ కబుర్లన్నీ పోయివచ్చినవాళ్ల నోట వినాల్సిందే. తిరిగొచ్చేవాళ్లేమో కొద్దిమంది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న సామెత ఊరికే పుట్టలేదు.

వీరాస్వామయ్య ఆ లోటు పూడ్చాడు. ఆయన రాసే తీరు చూడండి. ఏ వేళకు బయల్దేరాం, ఎంత దూరం వచ్చాం. దారి రాళ్లదా, ఇసుకదా, రేగడిదా. మధ్యలో ఎన్ని వాగులు తగిలాయి, గుట్ట ఎక్కడం ఎంత కష్టం. చేరిన ఊరు ఎంతటిది, అంగళ్లు ఉన్నాయా, ముసాఫిర్లకు కావలసిన సరుకులు దొరుకుతాయా. దిగడానికి గుడి ఉందా, తోపు ఉందా, డేరా వేసుకునే చోటు ఉందా. నీళ్లు ఎలాంటివి. రోజు తర్వాత రోజు, మజిలీ తర్వాత మజిలీ ఇదే వరస. పుస్తకాన్ని సాహిత్యంగా చదవబోయేవాళ్లకు మొదటి పేజీల్లోనే విసుగు పుడుతుంది. తర్వాతి ఏడాది అదే దారిన పెళ్లాం పిల్లలతో బయల్దేరబోయేవాడికి మాత్రం ఆ ప్రతి వాక్యమూ ప్రాణంతో సమానం.

ఎందుకో కాస్త దగ్గరగా చూద్దాం. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ ఇవాళ సుమారు 80 కిలోమీటర్లు. నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా కారులో గంటన్నర. పల్లకీల బిడారుకు రోజుకు పది పన్నెండు మైళ్లు నడవడం మామూలు. అంటే మధ్యలో మూడు నాలుగు రాత్రులు ఎక్కడో ఒకచోట గడపాలి. వంద మందికి రెండు పూటలా బియ్యం, పప్పు, కట్టెలు, ఎడ్లకు మేత కావాలి. అవన్నీ ముందే మోసుకుపోదామంటే బరువు, ఆ బరువు మోసేందుకు ఇంకొన్ని ఎడ్లు, ఆ ఎడ్లకు మళ్లీ మేత. మోసుకోకుండా పోదామంటే పది గడపల ఊళ్లో దిగిన రాత్రి అందరూ పస్తే. అక్కడ ఉన్న కోమటి అంగడి ఒక్కటే, అతని దగ్గర ఉన్న బియ్యం ఊరికి సరిపడేంతే. ఆ ఒక్క సంగతి ముందుగా తెలిస్తే నిర్మల్ బజారులోనే నాలుగు రోజుల సరుకు కట్టించుకోవచ్చు. తెలియకపోతే డబ్బు మూట నడుముకే ఉంటుంది, కడుపు ఖాళీగా ఉంటుంది. ఏ ఊళ్లో సరుకు పట్టాలో, ఏ ఊరు దాటేయవచ్చో చెప్పడమే ఆ కాలంలో మార్గదర్శి చేయగల అతి పెద్ద ఉపకారం.

పైగా అది వానాకాలం. నిర్మల్ దాటితే సహ్యాద్రి చివరి వరసలు, సత్మల గుట్టలు, ఎత్తయిన టేకు అడవి. గుట్టలు దిగితే పత్తి పండే నల్లరేగడి. ఎండలో అది నెర్రెలు విచ్చి ఉంటుంది, రెండు వానలు పడితే మోకాలి లోతు బురద. పల్లకీ మోసే బోయీ కాలు దిగబడితే లోపల కూర్చున్నవాళ్లతో సహా బురదలో పడడమే. కడెం వైపు, స్వర్ణ వైపు పారే వాగులకు వంతెనల్లేవు. పైన వాన పడితే కింద వాగు ఏ నిమిషాన వస్తుందో చెప్పలేం. ఆదిలాబాద్ పల్లెల్లో ఇప్పటికీ వానాకాలం వచ్చిందంటే గర్భిణులను వాగులు దాటించడం ఒక గండం. ఆ దేశాన్ని మొదటిసారి చూస్తున్న చెన్నపట్నం మనిషికి అది ఇంకెంత కొత్తగా ఉండి ఉంటుందో ఊహించుకోండి. నేల రంగు చూసి నడక వేగాన్ని అంచనా వేయడం ఆయన దారిలోనే నేర్చుకున్నాడు. తాను నేర్చినది తర్వాతివాళ్లకు రాసిపెట్టాడు.

ఈ బాటను అంతకు కొద్ది ముందే ఇంకొకరు కొలిచారు. భారతదేశాన్ని త్రిభుజాలుగా కొలిచే మహా సర్వేను నడిపించిన విలియం లాంబ్టన్ దక్షిణం నుంచి కొలుచుకుంటూ హైదరాబాద్ చేరాడు. అక్కడి నుంచి మకాం నాగపూర్‌కు మార్చుకుంటూ ఈ దారి పట్టాడు. వార్ధా దాటాక, హింగణ్‌ఘాట్‌లో, 1823 జనవరి 20న ప్రాణం విడిచాడు. ఆయన కింద పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ అంతకుముందే, 1819లో, కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తూ ఎల్లాపురం దగ్గర విషజ్వరం పాలయ్యాడు. ఆయనొక్కడే కాదు, బిడారు మొత్తం మంచాన పడింది. ఆరోగ్యం బాగుచేసుకోవడానికి ఎవరెస్ట్ సముద్రం దాటి కేప్ వెళ్లాల్సి వచ్చింది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి తర్వాత ఆయన పేరే పెట్టారు.

వాళ్లు తయారుచేసిన పటాలు అంగుళం తప్పకుండా ఉంటాయి. ఏ గుట్ట ఎక్కడుందో, ఏ ఊరు ఎంత దూరమో ఆ పటం చెబుతుంది. ఆ పటం గీసినవాళ్లను పడగొట్టిన జ్వరం గురించి మాత్రం పటంలో ఉండదు. వానల తర్వాత ఆ అడవి గుండా పోవడం మంచిదా కాదా, ఏ నీళ్లు తాగకూడదు, ఎక్కడ రాత్రి గడపకూడదు, ఇవి మనిషి మనిషికి చెప్పాల్సిన సంగతులు. పరదేశంలో పటం ఉన్నా మార్గదర్శి ఎందుకు కావాలో తెలియాలంటే లాంబ్టన్ పటాన్ని, వీరాస్వామయ్య పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకే దారివి, రెంటి నడుమ ఏడేళ్ల తేడా.

దారిలో దోపిడీ భయం సరేసరి. ఈ బిడారు నాగపూర్ మీదుగా జబల్‌పూర్ చేరిన ఆ 1830లోనే ఆ ప్రాంతంలో విలియం స్లీమన్ థగ్గుల ముఠాలను పట్టే పనిలో ఉన్నాడు. యాత్రికుల్లో యాత్రికులుగా కలిసి, నాలుగు రోజులు నవ్వుతూ నడిచి, అదను చూసి రుమాలుతో గొంతు బిగించేవాళ్ల కథ తర్వాత లోకమంతా చదివింది. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో దాన్ని నవలగానే రాశాడు. వంద మందిని వెంటబెట్టుకున్న దుబాసీకి ఆ భయం తక్కువే. మూట నెత్తిన పెట్టుకుని ఇద్దరు ముగ్గురుగా నడిచే బీద యాత్రికులకు దారిలో పలకరించే ప్రతి మనిషీ అనుమానమే. పుస్తకం ఎవరిని ఉద్దేశించి రాశారన్నది ఇక్కడ తేలుతుంది. వీరాస్వామయ్య పల్లకీలో పోయినవాడు, బ్రాహ్మణ గృహాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకున్నవాడు, కుంఫిణీ దొరల దగ్గర పలుకుబడి ఉన్నవాడు. ఆయనకు తెరుచుకున్న తలుపులన్నీ అందరికీ తెరుచుకోవు. అయినా బియ్యం దొరికే ఊరు, మంచినీళ్ల బావి, వాగు దాటే రేవు ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే. ఆ పుస్తకంలో కాలానికి నిలిచింది ఆ భాగమే.

అవే రోజుల్లో ఐరోపాలోనూ ఇలాంటి పుస్తకాలే పుడుతున్నాయి. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఇంగ్లీషువాళ్లు గుంపులు గుంపులుగా ఫ్రాన్స్, ఇటలీ చూడటానికి బయల్దేరారు. మరియానా స్టార్క్ అనే ఆమె 1820లో వాళ్లకోసం ఒక పుస్తకం రాసింది. ఏ ఊళ్లో భోజనం ఎంత, బట్టలు ఉతికితే ఎంత, కాగితాలు ఎక్కడ చూపించాలి, అన్నీ లెక్కలతో చెప్పింది. తప్పక చూడాల్సిన బొమ్మలకు ఆశ్చర్యార్థకాలు పెట్టింది. ఎంత గొప్పదైతే అన్ని గుర్తులు. ఆ పుస్తకాన్ని అచ్చు వేసిన జాన్ ముర్రే సంస్థ 1836లో ‘హ్యాండ్‌బుక్’ అనే పేరుతో తన సొంత వరస మొదలుపెట్టింది. జర్మనీలో కార్ల్ బేడెకర్ రైన్ నది యాత్రకు పుస్తకం దిద్దుతున్నది కూడా ఆ రోజుల్లోనే. ముర్రే మొదటి పుస్తకం వచ్చిన రెండేళ్లకు చెన్నపట్నంలో ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయింది. ఒకరి పని ఇంకొకరు ఎరుగరు. అయినా పోల్చి చూస్తే అడిగే ప్రశ్నలన్నీ ఒకటే. తిండి, పడక, డబ్బు మార్పిడి, సుంకం, కాగితాలు. యాత్రా మార్గదర్శి అనేది పడమటి దేశాల నుంచి దిగుమతి అయిన సరుకని అనుకునేవాళ్లకు నేను ఈ రెండు తేదీలే చూపిస్తాను.

అయితే మార్గదర్శి ఆయుష్షు దారితో ముడిపడి ఉంటుంది. ‘కాశీయాత్ర చరిత్ర’ రెండో ముద్రణ 1869లో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 1867లో, బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. 1870లో జబల్‌పూర్ మీదుగా బొంబాయి, కలకత్తా రైలుదారి కలిసిపోయింది. 1874లో వాడి నుంచి హైదరాబాద్‌కు రైలు వచ్చింది. ఆ తర్వాత కాశీకి పోయే తెలంగాణ యాత్రికుడికి నిర్మల్ గుట్టలతో పనిలేదు. పడమటికి పోయి రైలు మారి, ఉత్తరానికి తిరిగితే చాలు. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో రాసిన పుస్తకం చేతికొచ్చేసరికి, మజిలీలే కనుమరుగవుతున్నాయి. ఆనక 1929లో కాజీపేట, బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, సిర్పూర్ రైలు స్టేషన్లయ్యాయి. ఉత్తరాదికి పోయే తెలుగువాళ్లంతా ఆ దారికి మళ్లారు. ఆ దారి నిర్మల్‌ను తాకదు. వందల ఏళ్లు ఉత్తర, దక్షిణ దేశాలను కలిపిన ఊరు రైలు కూత వినని ఊరిగా మిగిలిపోవడం ఈ ప్రాంతపు చరిత్రలో చిన్న సంగతి కాదు. నిర్మల్ వాసులు రైలు కోసం ఇప్పటికీ అడుగుతున్నారు.

ప్రయాణానికి పనికిరాకుండా పోయిన పుస్తకం చరిత్రకు పనికొచ్చింది. 1941లో బెజవాడ న్యాయవాది, చరిత్రకారుడు దిగవల్లి వేంకట శివరావు దాన్ని వివరణలతో మళ్లీ ప్రచురించారు. 1973లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. రాజులు, యుద్ధాలు, సంధుల కాగితాలు దొరకడం కష్టం కాదు, వాటిని దాచిపెట్టే దఫ్తర్లు ఉన్నాయి. 1830లో ఒక మామూలు ఊళ్లో అంగడి ఉండేదా, బాట ఎలా ఉండేది, సుంకం ఎవరు వసూలు చేసేవాళ్లు, ఈ సంగతులు ఏ దఫ్తరులోనూ ఉండవు. తర్వాత వచ్చేవాడు ఆకలితో ఇబ్బంది పడకూడదని రాసినందువల్లే అవి మనదాకా వచ్చాయి.

అందులో లేనిది కూడా చెప్పాలి. బాట పక్కన ఉన్నదే బాటసారికి కనిపిస్తుంది. ఇచ్చోడ నుంచి తూర్పుకు తిరిగితే ఉట్నూరు, ఇంద్రవెల్లి, ఇంకా లోపలికి పోతే జోడేఘాట్. గోండులు, కొలాముల దేశం. నాగోబాను కొలిచే కేస్లాపూర్ ఆ బాటకు ఎంతో దూరంలో లేదు. కాశీకి పోయే యాత్రికుడికి ఆ అడవి దాటవలసిన అడ్డంకి, చీకటి పడకముందే బయటపడాల్సిన చోటు. ఆ అడవే ఇల్లుగా ఉన్నవాళ్లకు ఆ బాటే పరదేశం. తమ నేల మీద గీసిన గీత అది. దాని మీదుగా సిపాయిలు వచ్చారు, పన్ను గుత్తేదార్లు వచ్చారు, ఆ తర్వాత భూములు రాయించుకునే వడ్డీ వ్యాపారులు వచ్చారు.

వీరాస్వామయ్య నిర్మల్‌లో దిగి వెళ్లిన ముప్పయ్యేళ్లకు, 1860లో, అదే పట్నంలో రాంజీ గోండును, ఆయన అనుచరులను మర్రిచెట్టుకు ఉరితీశారు. ‘వెయ్యి ఉరుల మర్రి’గా జనం చెప్పుకునే చెట్టు అదే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. ఆ తర్వాత మార్లవాయిలో నివసించి గోండుల జీవితాన్ని రాసిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ పుస్తకం వస్తే తప్ప బయటి లోకానికి ఆ గుట్టల లోపలి సంగతి అర్థం కాలేదు. మార్గదర్శి చదివి ఒక దేశం తెలిసిపోయిందనుకోవడం ఎంత ప్రమాదమో ఆదిలాబాద్ బాగా చూపిస్తుంది. దారి తెలుస్తుంది. దారికి రెండు వైపులా ఉన్న మనుషులు తెలియాలంటే ఆగాలి, కూర్చోవాలి, వాళ్లు చెప్పేది వినాలి.

ఇంతదాకా మన దేశం గుండా పరాయివాళ్లు పోయిన కథ. మనవాళ్లు పరాయి దేశానికి పోయిన కథ ఈ ప్రాంతంలో ఇంకా పెద్దది. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు జోరందుకున్నాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ పల్లెల నుంచి జనం బొంబాయి మీదుగా దుబాయి, సౌదీ, కువైట్, మస్కట్ బాట పట్టారు. బావులు ఎండిన రైతులు, మగ్గం ఆగిన నేతకార్మికులు, ఊళ్లో కూలి గిట్టనివాళ్లు. యాభై ఏళ్లుగా ఆ బాట ఆగలేదు. వీరాస్వామయ్య దాటిన నాలుగు రాజ్యాల కన్నా ఎక్కువ సరిహద్దులను ఈ పల్లెల జనం దాటారు. వాళ్ల చేతిలో ఏ పుస్తకం ఉండేది?

ఉండేదల్లా చొక్కా జేబులో పట్టే చిన్న నోటుబుక్కు. మొదటి పేజీలో ఏజెంటు నంబరు, కంపెనీ పేరు, అదే దేశంలో ఉన్న మేనబావ నంబరు. వెనక పేజీల్లో తెలుగు అక్షరాల్లో అరబ్బీ మాటలు: మాయ్ అంటే నీళ్లు, ఖుబ్జ్ అంటే రొట్టె, ఫులూస్ అంటే పైసలు. మిగతాదంతా నోటి మాట. అక్కడికి పోయినవాళ్లు నేర్చుకుని వచ్చిన పదాలు ఇప్పుడు మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. అకామా అంటే ఉండటానికిచ్చే అనుమతి కార్డు. కఫీల్ అంటే ఆ అనుమతికి పూచీపడే యజమాని. కాగితాలు లేకుండా పనిచేసేవాడు ఖల్లివెల్లి. తిరిగి రావడానికి దొరికే ఆఖరి కాగితం అవుట్‌పాస్. కచేరీ గట్టు మీద ఇద్దరు కలిస్తే, “ఏం కాకా, మీ చిన్నోనికి అకామా అయ్యిందా?” అన్నది ఆరోగ్యం అడిగినంత మామూలు ప్రశ్న.

ఆ ప్రశ్నలో ఎంత భయం ఉందో తెలిసినవాళ్లకే తెలుస్తుంది. అకామా చేయించాల్సింది యజమాని. అతను చేయించకపోతే చిక్కుల్లో పడేది కూలీ. పని విడిచి పోయాడని యజమాని ఒక్క ఫిర్యాదు రాసిస్తే ఆ మనిషి చట్టం దృష్టిలో పారిపోయినవాడు. కూలీల పాస్‌పోర్టులు యజమాని దగ్గర పెట్టుకోవడం సౌదీలో, ఎమిరేట్స్‌లో అక్కడి చట్టాలకే విరుద్ధం. అయినా విమానం దిగగానే పాస్‌పోర్టు తీసుకోవడం రివాజుగా నడిచింది. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదన్న నియమం ఉంది. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఆ నిషేధం. ఇది తెలిసిన మేస్త్రీ నీడకు పోయి కూర్చుంటాడు. తెలియనివాడు ఆ ఎండలోనే ఇనుప చువ్వలు వంచుతాడు. నిర్మల్‌లోనే సరుకు కట్టించుకోవాలని తెలిసిన యాత్రికుడికి, తెలియని యాత్రికుడికి మధ్య ఉన్న తేడా ఇదే. అక్కడ పోయేది ఒక పూట తిండి, ఇక్కడ పోయేది ప్రాణం.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. 1983లో వలసల చట్టం వచ్చింది. పదో తరగతి పాస్ కానివాళ్లు పనికోసం గల్ఫ్ వంటి దేశాలకు పోవాలంటే వలస అధికారి అనుమతి తప్పనిసరి అయింది. 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన మొదలైంది. ప్రమాదంలో చనిపోతే ఇప్పుడు కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ ఇచ్చే ఏర్పాటు 2018లో వచ్చింది. కానీ విజిట్ వీసా మీద పోయి అక్కడే పనికి కుదిరే మనిషికి ఈ మూడింటిలో ఏదీ అందదు. ఆ దారిన పోయేది బీదవాళ్లే. పుస్తకం అత్యవసరమైనది కూడా వాళ్లకే.

ఆ పుస్తకం రాయగలిగినవాళ్లు కచేరీల్లో లేరు. పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు అక్కడ గడిపి వచ్చి ఇప్పుడు మల్యాలలో, కథలాపూర్‌లో, కడెంలో అరుగుల మీద కూర్చున్నవాళ్లున్నారు. దుబాయిలో ఏ లేబర్ క్యాంపులో ఎలా ఉంటుందో, జీతం ఆపితే ఏ ఆఫీసుకు పోవాలో, అక్కడికి పోయినప్పుడు ఏ కాగితం చేతిలో ఉండాలో, రాయబార కార్యాలయంలో తెలుగు వచ్చినవాళ్లు దొరుకుతారా, శవాన్ని ఇంటికి పంపాలంటే ఎన్ని సంతకాలు కావాలో వాళ్లకు తెలుసు. దుబాసీ చదువు లేకపోయినా ఫరవాలేదు, వాళ్లు చెబితే రాసిపెట్టే శ్రీనివాస పిళ్లెలు మన జూనియర్ కాలేజీల్లో ఉన్నారు. ఒక్కో దేశానికి ఒక్కో పుస్తకం, ఒక్కో మజిలీకి ఒక్కో పేజీ. మండలానికి ఇద్దరు మాస్టార్లు పూనుకుంటే ఈ ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టవచ్చు.

(వచ్చే సంచికలో: నిర్మల్ కోట, ఫిరంగుల కార్ఖానా, పొనికి చెక్క బొమ్మలు)